చదరంగపు గళ్ళూ, పావులూరి లెక్కా

పావులూరి మల్లన పేరిట ప్రసిద్ధమైన చదరంగపు చంపకమాలను చాలామంది ధారణకు సంబంధించిన వింతగా చదివి వదిలేస్తారు. అది అన్యాయమని నా అభిప్రాయం. మహావీరాచార్యుడు 9వ శతాబ్దిలో సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని తెనిగించిన కవి మల్లన. ఆయనది 11వ శతాబ్దమని పలువురి మాట.

చదరంగపు మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇలా 64 గళ్ళూ రెట్టిస్తూ పోతే మొత్తమెంత? 65వ గడి ఉంటే అందులో పడే గింజల కన్నా ఒకటి తక్కువ. అంటే 18446744073709551615. ఇరవై అంకెలు!

పద్యంలో ఇవి ఒకట్ల స్థానం నుండి మొదలై ఎడమకు నడుస్తాయి. శర అంటే అయిదు, శశి అంటే ఒకటి. ఏడు మూడుసార్లు రావాలి గనుక నగ, భూధర, గిరి అని పర్యాయపదాలు మార్చాడు (అన్నీ కొండలే). నాలుగుకు సముద్రాలు, వేదాలతోపాటు బ్రహ్మముఖాలు కూడా వచ్చాయి. సున్నకు ఆకాశం. ఒక్క ఆరును మాత్రం ఒకచోట అలంకారమేమీ లేకుండా షట్కమనేశాడు! ఛందస్సు ఇక్కడ కాపలాదారు కూడా. గగనానికి బదులు గిరి అని రాస్తే లెక్క చెడుతుంది, గణమూ చెడుతుంది. అంకెలతో రాసిన తాటాకుకు ఈ రక్షణ లేదు.

క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ కూడా ఇదే సంఖ్యను సాధించాడు. ఇవాళ మా విశాఖ ద్వారకా నగర్ దుకాణాల్లో దొరికే 64 బిట్ కంప్యూటరు, రుణ చిహ్నానికి చోటు ఉంచకుండా ఒక పూర్ణసంఖ్యకు కేటాయించే గరిష్ఠ విలువ కూడా సరిగ్గా ఇదే.

ఇక దీని స్వభావం. చివర అయిదు ఉంది గనుక అయిదుతో భాగింపబడుతుంది. అంకెల మొత్తం 87 గనుక మూడుతోనూ పోతుంది, తొమ్మిదితో పోదు. ఈ మాత్రం చేతి లెక్కకు అందేదే. మిగతాది అంత సులభం కాదు. దీనిని 4294967295, 4294967297 అనే రెండు కారణాంకాలుగా విడదీయవచ్చు. వీటిలో రెండవది ప్రధాన సంఖ్యేనని 17వ శతాబ్దిలో ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దానిని 641తో నిశ్శేషంగా భాగించి చూపాడు. అలా మన చదరంగపు సంఖ్యకు 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధాన కారణాంకాలు తేలాయి. ఏదీ రెండుసార్లు రాదు. కనుక దీని భాజకాలు 128.