ఫేర్‌వెల్ చీరకు పైసలెందుకు? లంగా ఓణీ నుంచి సిరిసిల్ల దాకా ఒక బట్ట కథ

ఇయ్యాల ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక చీర కథ చెప్తా.

ఇంటర్ అయిపోవస్తుందంటే మన ఇచ్చోడలోనైనా, ఆదిలాబాద్‌లోనైనా ఫేర్‌వెల్ మాట మొదలవుతుంది. డ్యాన్స్ ఉంటది, ఫొటోలు ఉంటాయి. ఆడపిల్లలంతా చీరనో, లంగా ఓణీనో వేసుకురావాలని ఎవరో అంటారు. పత్తి ఏరిన కూలితో నడిచే ఇంట్ల అది పెద్ద లెక్క. చీర, రైక కుట్టుకూలి, గాజులు, మెడలోకి సెట్టు. లెక్క తేలక "ఆ రోజు కడుపునొప్పి" అని ఇంట్లోనే ఉండిపోయే పిల్లలు ఉంటారు. అందుకే ఈ కథ.

అసలు లంగా ఓణీ ఎప్పటినుంచి స్పెషల్ అయింది? మన అమ్మమ్మల కాలంల అది రోజువారీ బట్ట. పెద్ద తరగతుల పిల్లలు దాంతోనే బడికి పోయేవాళ్లు. అమ్మ పాత చీర ఐదున్నర మీటర్లు ఉంటది. దాన్ని కత్తిరిస్తే లంగా అయ్యేది, మిగిలింది ఓణీ అయ్యేది. తర్వాత పంజాబీ డ్రెస్ వచ్చింది, యూనిఫాం కూడా అదే అయింది. రోజూ వేసుకునే ఓణీ ఫంక్షన్‌కే మిగిలింది. ఫంక్షన్ బట్ట అయినంక దానికి జరీ, వర్క్, మ్యాచింగ్ అన్నీ తోడయ్యాయి. అంటే ఖరీదు ఓణీది కాదు, మనం దానిమీద ఎక్కించినవాటిది.

ఇగ బట్ట సంగతి. మన జిల్లా పత్తి జిల్లా. నిజాం కాలంలో, 1934లో, వరంగల్‌లో ఆజంజాహి మిల్లు పెట్టారు. తెలంగాణ పత్తి తెలంగాణలోనే బట్ట అయ్యేది. ఆ మిల్లు తర్వాత మూతపడింది. ఇంకోవైపు 1941లో ఇంగ్లండ్‌లో ఇద్దరు కెమిస్టులు పాలిస్టర్ దారానికి పేటెంట్ తీసుకున్నారు. చిరగదు, ముడత పడదు, తొందరగా ఆరుతుంది. 1985లో మన కేంద్ర ప్రభుత్వం కొత్త టెక్స్‌టైల్ పాలసీ తెచ్చి, సింథటిక్ బట్టకు దారి సుళువు చేసింది. పట్టులా మెరిసే చీర కూలి ఇంటికి కూడా అందింది.

ఆ చవక ఊరికే రాలేదు. సిరిసిల్ల చూడండి. చేనేత పోయి మరమగ్గాలు వచ్చాయి, పాలిస్టర్ బట్ట నేశారు. మార్కెట్ పడిపోయినప్పుడు అప్పులు తీరక ఎంతోమంది నేతన్నలు ప్రాణాలు తీసుకున్నారు. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరలు పంచడం మొదలుపెట్టింది, ఆ ఆర్డర్లతో మగ్గాలకు పని దొరికింది. అదే ఏడు కొన్నిచోట్ల ఆడవాళ్లు నాణ్యత బాగలేదని ఆ చీరలను తగలబెట్టారు కూడా. చవక చీర అంటే చిన్నచూపు చూసేవాళ్లు ఈ రెండు సంగతులూ గుర్తుపెట్టుకోవాలె: నేసినోడికి కూలి కావాలి, కట్టుకునేటామెకు మర్యాద కావాలి.

ఒక్క రాత్రి బట్టకోసం గోస మనకే కాదు. అమెరికాలో ప్రామ్ అని స్కూల్ డ్యాన్స్ ఉంటది. ఆ గౌన్లు కొనలేని పిల్లల కోసం, ఒకసారి వేసి పక్కన పెట్టినవి పోగుచేసి ఉచితంగా ఇచ్చే సంస్థలు అక్కడ చాలా ఉన్నాయి.

అంత దూరం ఎందుకు, మన పక్క గూడేలకే పోదాం. దీపావళికి గోండులు దండారి ఆడతారు. గుస్సాడీలు పెట్టుకునే నెమలి ఈకల టోపీ షాపులో ఏటా కొనేది కాదు. భద్రంగా దాచి, పూజచేసి తీస్తారు. మార్లవాయి కనక రాజు గారికి ఆ నాట్యానికే 2021లో పద్మశ్రీ ప్రకటించారు. అది దేవుడి వేషం, మనది ఫేర్‌వెల్; రెండూ ఒకటి అనను. కానీ పాతది అయినకొద్దీ బట్ట విలువ తగ్గుతుందని ఎవరన్నారు?

కాబట్టి నేను చెప్పేది ఒకటే. "కొత్తది కొనకూడదు, ఇంట్ల ఉన్నదే కట్టాలె" అని క్లాసంతా కలిసి ముందే అనుకోండి. అమ్మ పెళ్లి చీర, అక్క ఓణీ, పక్కింటి పిన్ని బతుకమ్మ చీర, ఏదైనా సరే. రైక వదులైతే పక్కల కుట్టు వేస్తే సరిపోతది. ఒక్కరే పాత చీర కట్టుకొస్తే నలుగురి కళ్లూ ఆమె మీదే. అందరూ కడితే అదే ఆ ఏడు ఫ్యాషన్. కడుపునొప్పి అని ఇంట్లో ఉండిపోయే పిల్ల కూడా ఫొటోలో ఉంటది.

మళ్లీ ఇంకో కథతో కలుద్దాం. ఉంటా మరి!