లాటినో వలసప్రజల మానసికారోగ్యము

మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్, దక్షిణ అమెరికా ప్రాంతముల నుండి అమెరికా సంయుక్త రాష్ట్రములకు వలసవచ్చిన వారికి మానసిక చికిత్స లభించు తీరును, కష్టముల కోర్చి నిలువగల వారి మనోబలమును ఈ శీర్షిక సూచించును.

అవరోధములు: 2010 నాటి అఫర్డబుల్ కేర్ చట్టము అనుమతిపత్రములు లేని వలసదారులను తన బీమా సదుపాయము నుండి మినహాయించుటయు, స్పానిష్ నెరిగిన వైద్యుల కొరతయు, దేశబహిష్కార భీతియు, లోకాపవాద శంకయు పెక్కుమందిని వైద్యశాల గడప తొక్కనీయవు. దుభాషి లేనిచోట తల్లి గుండెదడను, నిద్రలేమిని చిన్నబిడ్డయే వైద్యునకు ఆంగ్లమున విన్నవింపవలసి వచ్చును.

మనోబలము: కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో మండలమున విలియం వేగా ప్రభృతులు జరిపి 1998లో ప్రకటించిన పరిశోధనలో, మెక్సికోలో జన్మించి వచ్చినవారికంటె అమెరికాలో జన్మించిన తత్సంతతివారి యందే మనోవ్యాధులు దాదాపు రెట్టింపుగా కానవచ్చెను. కుటుంబానుబంధము, జ్ఞానస్నానముతో నేర్పడు బాంధవ్యము, చర్చి ఆశ్రయము వలసవచ్చినవారి ఈ మనోబలమునకు కారణములని కొందరు పండితులు తలంతురు.

సేవలు: ప్రొమోతోరాలు అను ఆరోగ్య కార్యకర్తలు, పెక్కుచోట్ల ఆ సమాజపు స్త్రీలే, పొరుగువారి వంటింట కూర్చుండి స్వభాషలో యోగక్షేమము లడిగి, బాధితులను చికిత్సకు తోడ్కొనిపోవుదురు. 1971లో ఓక్లండ్ నగరమున వెలసిన లా క్లినికా డి లా రాసా ఇట్టి ప్రజావైద్యమునకు ప్రసిద్ధము. మనోబల మెంతటిదైనను చికిత్సకు ప్రత్యామ్నాయము కాజాలదు.