పన్నుసొమ్మును పుస్తకశాలలును

పౌరులు కట్టిన పన్నులోనుండి, లాభాపేక్ష లేని సంఘములకు నగరపాలకులు ధనమొసగవచ్చునా? మన ఇస్నాపూరు 2025వ సంవత్సరమున గ్రామపంచాయతీ స్థితి విడిచి పురపాలక సంఘమైనది. కావున నీ ప్రశ్న యిపుడు మన వాకిటనే నిలిచియున్నది. దీనిని గూర్చి తెలుగువారికి మిక్కిలి యనుభవము గలిగించినది గ్రంథాలయోద్యమము. దాని చరిత్రమునే సాక్ష్యముగా గైకొందును.

1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. కొమర్రాజు లక్ష్మణరావుగారును, మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారును దానికి దన్నుగా నిలిచిరి. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము పుట్టెను. సర్కారు సొమ్ము వీనికి పునాది కాదు. చందాలును, దాతల యౌదార్యమును వీని పెట్టుబడి. నిజాము రాజ్యమున సభ చేయుటకు సైతము ముందుగా ననుమతి వలయునని గస్తీ నిషాను 53 శాసించిన దినములును తరువాత వచ్చినవి. కచ్చేరి సొమ్ముతో బ్రతుకు సంఘము అట్టి కాలమున నోరు మెదపగలదా? మన పొరుగుననున్న జోగిపేటలో 1930లో సురవరము ప్రతాపరెడ్డిగారి యాధ్వర్యవమున ఆంధ్రమహాసభ జరిగినదనిన, దానికి వెనుక నిట్టి స్వతంత్ర సంఘముల బలము కలదు.

అటు కోస్తాలోను అదే తీరు. 1914లో బెజవాడయందు గ్రంథాలయ సంఘమేర్పడెను. అయ్యంకి వేంకటరమణయ్యగారు జీవితమంతయు దానికే ధారవోసిరి. 1935లో గుంటూరు మండలమున పాతూరి నాగభూషణముగారు కాలువ పడవలో పుస్తకములు పెట్టి యూరూరికి పంపిరి.

అయినను దాతృత్వమొక్కటే చాలదు. దాత కాలధర్మము నొందిన పిదప బీరువాకు చెదలు పట్టిన పుస్తకశాలలు తెలుగునాట ఎన్నియో! అందుకే శాసనమావశ్యకమైనది. 1948లో మదరాసు రాజ్యమున ఆచార్య రంగనాథన్ గారి కృషి ఫలించి గ్రంథాలయ చట్టము వచ్చెను. ఆస్తిపన్ను రూపాయికి ఆరు పైలు పుస్తకముల పాలు. 1955లో హైదరాబాదు రాజ్యమును అట్టి చట్టము చేసెను. రెండు ప్రాంతములు నేకమైన పిమ్మట 1960 నాటి చట్టము వచ్చెను. దాని ననుసరించి నేడు ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను. వేయి రూపాయల పన్ను గల యింటివాడు ఎనుబది రూపాయలు అదనముగా చెల్లించుచున్నాడన్నమాట. పంచాయతీగాని, పురపాలక సంఘముగాని దానిని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు అందజేయవలెను.

ఇచట నొక ఆక్షేపము కలదు. చదువురాని తాపీమేస్త్రీ పన్ను చదువరుల సంఘమున కేల? తలుపులు సభ్యులకు మాత్రమే తెరచు సంఘమునకైతే ఒక్క పైసయు నీయరాదనియే నా మతము. ఆ మేస్త్రీ కొడుకు రుసుము లేక కూర్చుండి చదువుకొనగలిగినపుడే యా సొమ్మునకు న్యాయము. లెక్కలు బహిరంగముగా నుండవలెను. అయితే ఏ పుస్తకము కొనవలెనో యధ్యక్షుడు చెప్పరాదు.

అమెరికా ధనికుడు కార్నెగీ యనుసరించిన పద్ధతి చూడుడు. భవనమునకు తాను ధనమిచ్చును, స్థలము నూరివారిది. తానిచ్చిన దానిలో పదియవ వంతు ఏటేట నిర్వహణకు వెచ్చింతుమని పురపాలకులు మాట యిచ్చిననే గాని రొక్కము వెడలదు. గట్టి బేరగాడు!

పాలకుని దయాభిక్షముకంటె చట్టపు వాటా మేలని నేను తలంతును. దయకు ప్రతిగా దండము పెట్టవలసివచ్చును. వాటాకు రసీదు చాలును. కాని చట్టమున్నంత మాత్రమున సొమ్ము చేరుననియు నమ్మరాదు. హైదరాబాదు మహానగరపాలక సంస్థ గ్రంథాలయ సంస్థకు చెల్లింపవలసిన పన్ను ఏండ్ల తరబడి బకాయిపడినదని వార్తాపత్రికలు పలుమారు వ్రాసినవి. పుస్తకములకని వసూలు చేసినది రోడ్లకో జీతములకో పోయినచో, పౌరుని యనుమతి లేని బదిలీ యగునది.

పాశమైలారపు కర్మాగారములకు పని వెదకికొనుచు బిహారు, ఒడిశాలనుండి వచ్చినవారును మనయందు కాపురమున్నారు. వారి యింటి యద్దెలోను ఈ ఎనిమిది పైసలు కలిసియేయున్నవి. ఇంటిపన్ను రసీదు చేతికందినపుడు గ్రంథాలయ పన్ను పంక్తిని వ్రేలుంచి చూడుడు. ఆ మొత్తము క్రిందటి యేడు ఎంత వసూలైనదో, ఎంత జిల్లా సంస్థకు చేరినదో పురపాలక కార్యాలయమును వ్రాతపూర్వకముగా నడుగుడు.