చేటలో బియ్యం, చేతిలో కర్ర

గండిపేట చెరువు దగ్గర చిలుకూరు గుళ్లో కోరిక చెప్పుకొని 11 ప్రదక్షిణలు, తీరాక 108 చేసే భక్తుల్లో చాలామందికి ఆ స్వామి పెళ్లి కథ తెలుసు. పద్మావతి కోసం శ్రీనివాసుడు ఎరుకలసాని వేషం కట్టి, ఆకాశరాజు ఇంటికి వెళ్లి ధరణీదేవికి సోది చెప్పాడట. దేవుడై ఉండి కూడా సొంత నోటితో అడగలేని పిల్లను బుట్ట చంకనెత్తుకుని అడిగాడు.

ఎరుకలసాని సరంజామా కొద్దిదే: బుట్ట, గవ్వలు, చిన్న కర్ర. ఇల్లాలు చేటలో బియ్యం తెచ్చి చెయ్యి చాపుతుంది. కర్ర అరచేతిని తాకాక కంచి కామాక్షి, మధుర మీనాక్షి, కాశీ విశాలాక్షిని పిలుస్తూ రాగం మొదలవుతుంది. అప్పటినుంచి పలికేది అమ్మవారో, ఆ ఇంట కాలంచేసిన పెద్దలో! పెద్దలకు పెట్టడం మానేశారనో, అన్నదమ్ములు మాట తప్పారనో ఇంట్లో ఎవరూ ఎత్తని సంగతి బయటికొస్తుంది. సోదికి పోతే పాత భాగోతం బయటపడిందనే సామెత ఊరికే పుట్టలేదు.

ఆగ్నేయ కాంగోలోని లూబా ప్రజలకూ ఇలాంటి విద్యే ఉంది. వారి సోదిగాడు బిలుంబు ఆత్మను ఆవహింపజేసుకుని, గింజలు, గోళ్లు, పక్షి ముక్కులు, చిన్న బొమ్మలు నిండిన సొరబుర్రను కుదుపుతాడు. పైకి తేలినవాటి అమరికను బట్టి జవాబు చెబుతాడు. వీరుడు కలాలా ఇలుంగాకు దారి చూపిన మిజిబు వా కలెంగాను తొలి సోదిగాడిగా లూబా పురాణం చెబుతుంది. కషెకెషెకె అనే చిన్న చెక్కబొమ్మ తీరు వేరు. దాన్ని చెప్పేవాళ్లు, అడిగేవాళ్లు ఇద్దరూ పట్టుకోవాలి. అది కదిలిన తీరే ఆత్మ ఇచ్చిన జవాబు.

ఇద్దరి చేతుల్లోనూ ఉన్న మాట ఏ ఒక్కరిదీ కాదు. మన సోదిలోనూ అంతే, కోడలు అన్నదని అత్త అలగడానికి లేదు.

బ్రిటిష్ అధికారులకు ఎరుకల సోది వేరేలా కనిపించింది. సోది పేరుతో ఇల్లిల్లూ తిరగడం దొంగతనానికి ఆరా తీయడమేనని రాసుకున్నారు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకలపై నేరస్థ తెగ ముద్ర వేశారు. ఆ ముద్ర వేసిన నేరస్థ తెగల చట్టం దేశమంతటా 1952లో గానీ రద్దు కాలేదు.

జనం ముందు పలికే సోదికి మాత్రం ఆ బెడద లేదు. 1813 నాటి కలరా మొక్కుతో వెలసిందని చెప్పే సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుళ్లో బోనాల మర్నాడు రంగం జరుగుతుంది. పచ్చి కుండపై నిలబడిన స్త్రీని వానల గురించి, పంటల గురించి అడుగుతారు. టీవీలు ప్రత్యక్షంగా చూపిస్తాయి. బందోబస్తు పోలీసులదే.