ఐరోపా పార్లమెంటు ఎన్నికలు: లిథువేనియా ఇస్తున్న సాక్ష్యం

ఐరోపా పార్లమెంటుకు తొలి ప్రత్యక్ష ఎన్నికలు 1979లో జరిగాయి. నాటి తొమ్మిది సభ్యదేశాల్లో దాదాపు 62 శాతం పోలింగ్ నమోదైంది. ఆపైన ప్రతి ఎన్నికకూ తగ్గుతూ 2014కి అది 42.61 శాతానికి దిగింది. పార్లమెంటు అధికారాలు పెరిగిన కాలమూ అదే. ప్రజలు ఐరోపా సమాఖ్యను తిరస్కరిస్తున్నారనడానికి ఇదే రుజువని తరచూ అంటారు. ఈ అంకెలు అంత మాట అనడానికి చాలవని నా అభిప్రాయం.

సభ్యదేశాల కూర్పు మారిందన్నది ముందు గమనించాలి. 2004లో పది దేశాలు కొత్తగా చేరాయి. వాటిలో స్లొవేకియా పోలింగ్ 17 శాతమే. సగటు తగ్గడంలో దీని పాత్ర కొంత ఉంది.

ఇంతకన్నా ఆలోచింపజేసేది లిథువేనియా. అక్కడ 2004లో అధ్యక్ష ఎన్నిక తొలి విడత, ఐరోపా ఎన్నిక ఒకే రోజు జరిగాయి. 48 శాతం ఓటేశారు. 2009 మేలో డాలియా గ్రిబౌస్కైటే తొలి విడతలోనే అధ్యక్షురాలిగా గెలిచారు, రెండో విడత అవసరం పడలేదు. మూడు వారాలకు జూన్ 7న ఐరోపా ఎన్నిక విడిగా జరిగితే వచ్చింది 21 శాతమే. 2014లో, 2019లో అధ్యక్ష ఎన్నిక రెండో విడతతో కలిసి వచ్చినప్పుడు 47, 53 శాతాలకు పెరిగింది. 2024లో మళ్లీ విడిపోయాయి. పోలింగ్ 29 శాతానికి పడింది. సమాఖ్యపై జనాభిప్రాయం ఇలా ఐదేళ్లకోసారి తలకిందులైందని నమ్మడం కష్టం. పైగా సర్వేల్లో సమాఖ్యపై నమ్మకం ఎక్కువగా కనిపించే దేశాల్లో లిథువేనియా ఒకటి.

కార్ల్‌హైంజ్ రైఫ్, హెర్మన్ ష్మిట్ అనే రాజనీతి శాస్త్రవేత్తలు 1980లోనే ఐరోపా ఎన్నికలను రెండో శ్రేణి ఎన్నికలన్నారు: దేశ ప్రభుత్వాన్ని మార్చని ఎన్నికపై ఓటరుకు పట్టింపు తక్కువ. లిథువేనియా అంకెలు ఈ వాదనకు సరిపోతాయి.

అయితే ఇది ఒక్క దేశం, ఐదు ఎన్నికలు. అధ్యక్షుడి కోసం వచ్చి రెండో బ్యాలెట్‌నూ నింపిన ఓటరు ఐరోపా వ్యవహారాలను పట్టించుకున్నాడని చెప్పలేం. తేదీతోనే అన్నీ తేలవు కూడా: స్లొవేకియాలో 2024 అధ్యక్ష ఎన్నిక ఏప్రిల్‌లోనే ముగిసినా, జూన్ ఐరోపా ఎన్నికలో పోలింగ్ 2019 నాటి 23 నుంచి 34 శాతానికి పెరిగింది. అంతకు నెల ముందు ప్రధాని రాబర్ట్ ఫిట్సోపై జరిగిన కాల్పులు ఆ దేశ రాజకీయాలను కుదిపేశాయి.

2024లో సమాఖ్య అంతటా పోలింగ్ 50.74 శాతం. రాని సగం మందిలో ఉదాసీనులు, అసంతృప్తులు, సమాచారం అందనివారు అందరూ ఉండవచ్చు. వాళ్లందరినీ ఐరోపా వ్యతిరేకుల కింద లెక్కగట్టడానికి మాత్రం ఈ ఆధారాలు చాలవు.