కంచం దగ్గర కుంగుబాటు: నోటి, గొంతు క్యాన్సర్ రేడియేషన్ వారాల్లో రోగి మానసిక స్థితి

నోటి క్యాన్సరుకో గొంతు క్యాన్సరుకో రేడియేషన్ మొదలుపెట్టేముందు రోగినీ ఇంటివాళ్లనూ కూర్చోబెట్టి కౌన్సెలింగ్ ఇవ్వడం పెద్ద ఆస్పత్రుల్లో ఇప్పుడు మామూలే. మిషన్ ఎలా పనిచేస్తుంది, ఎన్ని రోజులు రావాలి, పళ్లు ఎలా కాపాడుకోవాలి అన్నవన్నీ ఆ కాసేపట్లోనే చెప్పేస్తారు. అది అవసరమే. కానీ రోగి నిజంగా కుంగిపోయేది ఆ రోజున కాదు. కొన్ని వారాలు గడిచాక, అదీ కంచం ముందు కూర్చున్నప్పుడు. ఆదరణ ఒక వారంలో, అవస్థ మరో వారంలో ఉంటున్నాయన్నదే ఈ వ్యాసంలో నా వాదన.

సాధారణంగా 60 నుంచి 70 గ్రేల మోతాదును రోజుకు 2 గ్రేల చొప్పున, వారానికి ఐదు రోజులుగా ఆరేడు వారాలు ఇస్తారు. చాలామందికి దానికి తోడు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కూడా ఉంటుంది. తొలి రోజుల భయమంతా మాస్కు చుట్టూనే. వేడినీళ్లలో మెత్తబడ్డ ప్లాస్టిక్ షీటును ముఖం మీద పరిచి, గట్టిపడేదాకా ఒత్తి పట్టుకుంటారు. ఇక రోజూ దాన్నే ముఖానికి తొడిగి, బల్లకు బిగించి, అందరూ గది బయటికి వెళ్లిపోతారు. తల కదపడానికి లేదు, నోరు విప్పడానికి లేదు. ఇబ్బందైతే చెయ్యి ఎత్తమంటారు. టెక్నీషియన్ బయట తెర మీద చూస్తుంటాడు. ‘కరెంటు పెడతారు’ అన్న మాట విని షాక్ కొడుతుందేమోనని కొందరు వణుకుతారు. ఇంటికెళ్తే ఆ కిరణాలు పిల్లలకు తగులుతాయేమోనని మరికొందరు మనవల్ని దగ్గరికి రానివ్వరు. బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ ఒంట్లో మిగిలి ఉండదు. ఇవన్నీ నాలుగు మంచి మాటలతో తీరగల భయాలే.

మూడో వారం నుంచి కథ మారుతుంది. నోటి లోపలి పొర పుండవుతుంది, లాలాజలం చిక్కబడి తగ్గిపోతుంది, నాలుకకు రుచులు తెలియకుండా పోతాయి. కారం లేనిదే ముద్ద దిగని మన ఇళ్లలో ఇది చిన్న కష్టం కాదు. రోగి భార్య రాగిజావ కాచి, మజ్జిగన్నం మెత్తగా పిసికి, చారు పల్చగా చేసి తెస్తుంది. ఆయన రెండు చెంచాలు మింగి గిన్నె పక్కకు నెడతాడు. ‘ఇంకో రెండు చెంచాలండీ’ అని ఆమె బతిమాలుతుంది, ఆయన విసుక్కుంటాడు, ఆమె వరండాలోకి వెళ్లి కళ్లు తుడుచుకుంటుంది. పక్క మంచం వాళ్లు పచ్చడి కలుపుకుంటుంటే ఆయన గోడవైపు తిరిగి పడుకుంటాడు. కేసు షీటులో దీనికి గడి లేదు. తగ్గిన బరువుకు మాత్రం ఉంది, ఎందుకంటే ముఖం చిక్కి మాస్కు వదులైతే కొత్తది చెయ్యాలి, ఒక్కోసారి ప్లాను కూడా మార్చాలి.

కొలిచే సాధనాలు లేక కాదు. జిగ్మండ్, స్నెయిత్ 1983లో రూపొందించిన హాడ్స్ ప్రశ్నావళిలో 14 ప్రశ్నలుంటాయి: ఆందోళనకు ఏడు, కుంగుబాటుకు ఏడు. జబ్బువల్ల వచ్చే నీరసాన్నీ ఆకలి మందాన్నీ కుంగుబాటుగా లెక్కగట్టకూడదని ఒంటి లక్షణాలను అందులోంచి కావాలనే తీసేశారు. తెలివైన పనే. అయితే మన రోగి మనసులోని బాధను ఒంటి బాధగానే చెప్పుకుంటాడు: తిండి సయించట్లేదు, నిద్ర పట్టట్లేదు, గుండెల్లో దడగా ఉంది. అందుకని హాడ్స్ ఒక్కటే చేతబట్టుకుంటే సగం సంగతి జారిపోతుంది. యూరప్ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈఓఆర్‌టీసీ తల, మెడ క్యాన్సర్ల కోసం చేసిన 35 ప్రశ్నల పత్రంలో ఇంటివాళ్ల ముందు తినడం, పరాయివాళ్ల ముందు తినడం, తిండిని ఆస్వాదించడం గురించి విడివిడిగా అడుగుతారు. నా దృష్టిలో మనకు అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్నలవి. ఈ రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి.

2013లో అమెరికాలో లిడియట్ బృందం ప్రచురించిన పరీక్షను ఇక్కడ గుర్తుచేసుకోవాలి. అప్పటికి కుంగుబాటు లేని 148 మంది తల, మెడ క్యాన్సర్ రోగుల్లో సగంమందికి ముందుజాగ్రత్తగా కుంగుబాటు మందు ఎస్సిటాలోప్రామ్, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఉత్తుత్తి మాత్ర వాళ్లలో 24.6 శాతం మందికి కుంగుబాటు వస్తే, మందు వేసుకున్నవాళ్లలో 10 శాతానికే వచ్చింది. ఆపరేషన్‌తో చికిత్స మొదలైనవాళ్లకన్నా రేడియేషన్‌తో మొదలైనవాళ్లకే ముప్పు ఎక్కువని తేలింది. ఆస్ట్రేలియాలో ఐదు ఆస్పత్రుల్లో 307 మందిపై జరిగి 2019లో వెలువడిన ‘ఈట్’ అధ్యయనం మరో దారి పట్టింది. అందులో రోగులతో మాట్లాడింది మానసిక వైద్యులు కాదు, డైటీషియన్లు. రోగిని బెదిరించకుండా, మారడానికి ఆయన కారణాలను ఆయన చేతే చెప్పించే పద్ధతిలో వాళ్లకు శిక్షణ ఇచ్చారు. బరువు తగ్గడం, చికిత్సకు అంతరాయాలు, కుంగుబాటు మూడూ తగ్గాయి. మానసిక వైద్యులు అరుదైన మన జిల్లాలకు ఈ రెండో దారే నప్పుతుందని నా అభిప్రాయం.

అంతరాయం చిన్న విషయం కాదు. ఈ క్యాన్సర్లలో చికిత్స అనుకున్న గడువు దాటి ఒక్కో రోజు సాగిన కొద్దీ గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం దాదాపు ఒక్కో శాతం తగ్గుతుందని లెక్క. ‘ఇక నావల్ల కాదు’ అని రోగి రావడం మానేస్తే మనోబలం లేదంటారు. భోజనానికి ముందు నోటికి నొప్పి తగ్గించే మందు అందిందా, కూలి పోయి ఇల్లెలా గడుస్తోంది అన్నవి ముందు అడగాలి. ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకం చికిత్స ఖర్చు భరించినా, హైదరాబాదులోనో విశాఖలోనో ఆరేడు వారాలు గది తీసుకుని ఉండటం ఎకరం పొలం ఉన్న కుటుంబానికి మోయలేని బరువే.

దీనికి తోడు నింద. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పును నోట్లో పెట్టుకునే, నోటి క్యాన్సరుకు దారితీసే అడ్డపొగ అలవాటు పాతది. పిండ్‌బోర్గ్ బృందం 10,169 మంది పల్లెవాసుల అంగిళ్లను పరీక్షించి 1971లో ఆ ఫలితాలు ప్రచురించింది. ఆ అలవాటు ఆడవాళ్లలోనే ఎక్కువ. ‘చుట్ట మానెయ్యమంటే విన్నావా’ అనే మాట చికిత్స పొడుగునా వింటున్న ముసలావిడ నొప్పిని కూడా బయటికి చెప్పదు, తనకు తగిన శాస్తే అనుకుంటుంది.

ఆఖరి రోజున అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నోటి పుండ్లు ముదిరేది మాత్రం అప్పుడే. ఆ తర్వాత ఒకటి రెండు వారాలు కూడా తగ్గవు. రోజూ పలకరించిన టెక్నీషియన్, నర్సు ఇక కనిపించరు. అయిపోయిందిగా, ఇంకా ఎందుకు తినవని ఇంట్లో అడుగుతారు. నోరు ఎండిపోవడమైతే నెలలు, ఏళ్లు ఉంటుంది. లాలాజల గ్రంథులను తప్పించి కిరణాలిచ్చే ఐఎంఆర్‌టీ పద్ధతి ఇక్కడ అక్కరకొస్తుంది. 2011 నాటి పార్‌స్పోర్ట్ పరీక్షలో ఏడాది తర్వాత చెప్పుకోదగ్గ నోటి ఎండుదనం పాత పద్ధతిలో 74 శాతం మందికి ఉంటే, దీంతో 38 శాతానికే మిగిలింది. ఏ మిషన్ కొనాలన్న నిర్ణయంలోనూ రోగి మనశ్శాంతి ఉందన్నమాట.

కాబట్టి హాడ్స్, ఈఓఆర్‌టీసీ పత్రాలు మొదటి రోజుతోపాటు మూడో వారంలో, ఆరో వారంలో, చికిత్స ముగిసిన రెండు, నాలుగు వారాలకు నింపించాలి. చివరి రెండిటికీ రోగిని ఊరినుంచి రప్పించనక్కర్లేదు, ఫోన్ చాలు. ఆ ఫోన్‌లో వండిపెడుతున్న మనిషితో కూడా విడిగా మాట్లాడాలి. ఫోన్ ఎవరు చేస్తారో, ఏ తేదీన చేస్తారో డిశ్చార్జి కాగితం మీదే రాసివ్వాలి.