క్షురధార

కత్తిని నూరుట వేఱు, నూరిన కత్తికి ధార నిలుపుట వేఱు. ఈ భేద మెఱుగనివాడు దినమంతయు సానపై రాచినను మంగలికత్తి గడ్డమునకు పనికిరాదు. అల్పముగ దోచు నీ విషయమునకు ప్రాచీనమైన చరిత్ర కలదు.

సుశ్రుతసంహిత సూత్రస్థానమున ఎనిమిదవ యధ్యాయము శస్త్రములను గూర్చినది. వానిని నూరుటకు మినుముల వన్నె గల నున్నని రాయియు, ధార నిలుపుటకు బూరుగుచెక్కయు వలయునని అందు విధింపబడినది. కోయు శస్త్రముల ధార వెండ్రుకలో సగము సన్నముగ నుండవలెను. రోమమును తెగగోయగల శస్త్రమునే వైద్యుడు చేపట్టవలెను. రాయి లోహమును అరగదీయును, చెక్క ధారను తీర్చును. తరువాతి కాలమున తోలుపట్టీ చేసిన పని నాడు బూరుగుచెక్క చేసినది.

ఇందలి మర్మము కత్తి వెన్నులో నున్నది. కత్తిని రాతిపై బల్లపరుపుగ నుంచినప్పుడు మందమైన వెన్నును, వాదరయు ఒక్కసారి రాతిని తాకును. ఆ వెన్నే కోణమును నిర్ణయించును. కావున వెన్ను నెత్తరాదు, కత్తిని అదిమిపట్టరాదు, రెండు ప్రక్కలను సమముగ నూరవలెను. రాతిపై వాదర ముందు నడువవలెను, తోలుపై వెన్ను ముందు నడువవలెను. పట్టీ కొసకు వచ్చినప్పుడు కత్తిని వెన్నుమీదనే త్రిప్పవలెను. లేనిచో తోలు తెగును. పట్టీ సడలినచో వాదర గుండ్రబడును. తోలు ప్రతి క్షౌరమునకును వలయును. రాయి పదును తగ్గినప్పుడు మాత్రమే.

ఫ్రాన్సుదేశమున ఝాఁ ఝాక్ పెరే యను కత్తులపనివాడు తన గడ్డమును తానే గీచుకొను విద్యను గూర్చి 1769లో ఒక గ్రంథము ప్రకటించెను. నూరుడురాళ్లను గుర్తించు విధమును, తోళ్లను సిద్ధపఱచు విధమును అందు వివరించెను. తరువాత కత్తులపనిని గూర్చి ఆతడు వ్రాసిన గ్రంథమును పారిస్ శాస్త్రపరిషత్తు తన వృత్తివిద్యల గ్రంథమాలలో జేర్చుకొనెను. ఇంగ్లండులో 1540లో ఏకమైన మంగళ్లును శస్త్రవైద్యులును 1745 వరకు ఒక్క సంఘముగనే యుండిరి.

మనదేశమున నేమి జరిగినది? శాస్త్రము పండితుని తాళపత్రములలో నిలిచెను; శస్త్రము మంగలి పొదిలో నిలిచెను. కురుపు కోసినవాడు మంగలి. పురుడు పోసినది తఱచుగ నాతని యింటి యాడుది. అయినను వారిని వాకిటనే నిలిపితిమి. క్షౌరమైన పిదప స్నానము చేసిగాని గృహమున నడుగిడరాదంటిమి. సుశ్రుతుని కొనియాడిన నోళ్లే ఆ రాతిని పట్టిన చేతిని మైల యనెను. చదివినవానికి చెక్క యెఱుకపడలేదు. చెక్క నెఱిగినవానికి చదువు నందనీయలేదు. ఉభయులును నష్టపడిరి, ఆ నష్టము వైద్యమునకును తగిలెను.

1904లో అమెరికాలో జిల్లెట్టునకు పేటెంటు లభించిన పిదప, పదును తగ్గగనే పారవేయు బ్లేడు లోకమంతట వ్యాపించెను. ఒకరికి వాడినది మఱియొకరికి వాడకుండుట ఆరోగ్యమునకు మేలే. కాని రాయి నెన్నుకొను కన్నును, తోలుపై నాడు మణికట్టును వృద్ధులతోనే యంతరించుచున్నవి. వారి యెదుట కూర్చుండి, వారి మాటలలోనే ఆ విద్యను వ్రాసికొని, వారి పేరిటనే ప్రకటించుట చదువుకొన్నవారి విధి. అది దయ కాదు, ఋణము.